నడుము పక్కన చుక్క

ఆ గురువారం ఉదయం మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బస్సు డిపోకి వెళ్ళాలి. పది మంది స్టాఫుకి పది ప్యాంట్లు తొడిగించి చూపించాలి. మేనేజరు చేత "బాగున్నాయి" అనిపించుకుని, పదిన్నరకల్లా షాపుకి తిరిగొచ్చి టీ తాగాలి. టీ పెట్టి ఉంచమని భార్యకు చెప్పి మరీ స్కూటరెక్కాడు.

పథకం చిన్నదే గానీ దాని మీద వేలాడుతున్నది చిన్నది కాదు. డిపోలో అరవై నాలుగు మంది ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ యూనిఫారాలు మాస్టరే కుడుతున్నాడు. ఈ ఏడు ఒక రెడీమేడ్ కంపెనీ వచ్చి నాలుగు రోజుల్లో అన్నీ ఇచ్చేస్తామంది. మాస్టరుకి నాలుగు వారాలు పడుతుంది. ఈ ట్రయల్ నచ్చితే మూడేళ్ళ ఆర్డరు మాస్టరుది, లేకపోతే రెడీమేడ్ వాళ్ళది. ఆర్డరు పోతే ఊరవతల ఉన్న కటింగు గది ఖాళీ చేయాలి. ఆ గదిలో ఇరవై ఆరేళ్ళుగా కత్తెర పట్టిన మనిషిని ఇంటికి పంపించాలి. ఆ మాట అతనికి ఎలా చెప్పాలో మాస్టరుకి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఆ మనిషిని అందరూ మిల్లీమీటరు అంటారు. కాగితం మీద ఏ అంకె ఉంటే గుడ్డ మీద ఆ అంకే కోస్తాడు, వెంట్రుకవాసి తేడా రానివ్వడు. పని నెమ్మదించడానికి కారణం అతను కాదు, కొలతల పుస్తకాలు. అవి మొత్తం పదకొండు. అవి షాపులో ఉంటే కటింగు గదిలో మిల్లీమీటరు చేతులు కట్టుకు కూర్చునేవాడు. అవి కటింగు గదికి వెళ్తే షాపులో మాస్టరు పాత కస్టమరు ముందు తల గోక్కుంటూ నిలబడేవాడు. మధ్యలో స్కూటరు రోజుకు నాలుగుసార్లు ఊరు దాటేది.

నెల కిందట ఇదంతా చూసి కోడలికి ఓపిక నశించింది. ఆమె ఒక ఆఫీసులో కంప్యూటర్ల పని చేస్తుంది.

"మామయ్యా, ఈ పుస్తకాలన్నీ క్లౌడ్‌లో పెట్టేద్దాం," అంది.

"అంటే పెద్ద కంప్యూటరేదో కొనాలా?"

"ఏం కొనక్కర్లేదు. షర్టులకి బొత్తాల కాజాలు మనమే వేస్తున్నామా?"

"లేదు. కాజాల షాపుకి పంపిస్తాం."

"ఆ మెషినేదో మీరే కొనుక్కోవచ్చుగా?"

"ఎందుకమ్మా, అంత పెట్టి కొని మూల కూర్చోబెట్టడానికా? చెడిపోతే అదో తలనొప్పి. మెషిను వాడి దగ్గరుంది. మనకెన్ని కాజాలు కావాలో అన్ని వేయించుకుంటాం, అంతకే ఇస్తాం. పని ఎక్కువున్న నెల ఎక్కువ, లేని నెల తక్కువ."

"క్లౌడన్నా అంతే మామయ్యా. పెద్ద పెద్ద కంప్యూటర్లు ఎవరి దగ్గరో ఉంటాయి. వాటి కరెంటు, కాపలా, రిపేరు అంతా వాళ్ళ బాధ. మనం ఎంత వాడుకుంటే అంతకే అద్దె. ఇక్కడ షాపులో మీరొక అంకె రాస్తే అక్కడ కటింగు గదిలో అదే క్షణంలో కనబడుతుంది. పుస్తకం తడిసిందని, పోయిందని గొడవ ఉండదు."

మాస్టరుకి తెలియని విషయాన్ని ఇంత తెలిసేలా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అయినా ఒక్క అనుమానం మిగిలింది.

"మన కస్టమర్ల కొలతలు తీసుకెళ్ళి ఎవరింట్లోనో పెడితే వాళ్ళు చూడరూ?"

"తాళం మన దగ్గరుంటుంది. ఎవరు ఏ గడి చూడాలో, ఏది చూడకూడదో చెప్పేది మనమే. కావాలంటే కస్టమరు తన ఫోన్లో తన కొలతలు తను చూసుకోవచ్చు కూడా."

మాస్టరుకి ఈ చివరి మాట బాగా నచ్చింది. నచ్చడంతో ఆగకుండా సొంత తెలివి కూడా కొంత జోడించాడు. ఏ కస్టమరు కొలత మారినా ఆ కస్టమరుకి మర్యాదగా ఒక మెసేజీ వెళ్ళాలన్నాడు. అలాంటివి వద్దేమో అని కోడలు నసిగింది. "మనం పట్టించుకుంటున్నామని వాళ్ళకి తెలియాలమ్మా," అని మాస్టరు పట్టుబట్టి, మెసేజీలో మాటలు దగ్గరుండి రాయించాడు.

కోడలు రెండు వారాలు కూర్చుని పదకొండు పుస్తకాల్లో ఉన్న నాలుగు వందల పైచిలుకు మనుషుల్ని, కొత్తగా కొలిచిన డిపో వాళ్ళతో సహా, క్లౌడ్‌లోకి ఎక్కించింది. మాస్టరు స్కూటరుకి విశ్రాంతి దొరికింది. అలా వచ్చింది గురువారం.

డిపోలో రెస్టు రూము తలుపు వేసి పది మందీ ప్యాంట్లు తొడుక్కున్నారు. పొడవు సరిగ్గా ఉంది. తొడ దగ్గర సరిగ్గా ఉంది. మడత కత్తిలా నిలబడింది. బొత్తాం దగ్గరకొచ్చేసరికి ఎనిమిది మంది ఊపిరి బిగబట్టారు. తొమ్మిదో వ్యక్తి మేనేజరు. ఆయన ఊపిరి బిగబట్టలేదు, ఆయన స్థాయికి అది తగదు. ఆయన బొత్తాం మాత్రం ఎగిరి వెళ్ళి నీళ్ళ కూలరుకి తగిలింది.

ఒక్కడికే ప్యాంటు పట్టింది. అతను కండక్టరు, గాలి గట్టిగా వీస్తే బస్సు రాడ్డు పట్టుకునే రకం.

"మాస్టారూ, నా నడుము ముప్ఫై ఆరు," అన్నాడు మేనేజరు ఫోను చూపిస్తూ. "మీరే రాశారు. ఇదిగో, నా ఫోన్లోనే ఉంది. ప్యాంటు ముప్ఫై ఆరుకి కుట్టారా లేదా?"

మాస్టరు టేపు తీసి ప్యాంటు కొలిచాడు. సరిగ్గా ముప్ఫై ఆరు. కానీ ఆ ప్యాంటు ముప్ఫై ఆరు ఉండకూడదు, ముప్ఫై తొమ్మిది ఉండాలి.

ఇక్కడ మాస్టరు వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. కుర్రతనంలో షాపు పెట్టిన మొదటి నెలలో, ఒక పెద్దమనిషి నడుము కొలిచి, ఆయన అత్తామామల ముందు "నలభై రెండు" అని గట్టిగా చదివాడు. ఆ పెద్దమనిషి మళ్ళీ గుమ్మం తొక్కలేదు, తన వీధిలో వాళ్ళనీ తొక్కనివ్వలేదు. అప్పటి నుంచి మాస్టరు నడుము కొలిచేటప్పుడు మనిషి మొహం చూసి, అతను వినాలనుకునే అంకె పైకి చదువుతాడు, అదే పుస్తకంలో రాస్తాడు. మిగిలిన అంగుళాలు పక్కన చుక్కలుగా పెడతాడు. ఒక చుక్కకు ఒక అంగుళం. ముప్ఫై ఆరు పక్కన మూడు చుక్కలంటే ముప్ఫై తొమ్మిది. ఈ సంగతి ఆయనకి, మిల్లీమీటరుకి తప్ప మూడో మనిషికి తెలియదు. ఇంట్లో ఆవిడకి కూడా చెప్పలేదు. ఈ ఊళ్ళో సన్నగా ఉన్నామని నమ్ముతున్న వాళ్ళలో చాలామంది నమ్మకం ఆ చుక్కల మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు నిజం చెప్తే తొమ్మిది నడుముల పరువు ఒకేసారి పోతుంది. మాస్టరు నోటికి అందిన మాట అనేశాడు.

"గుడ్డ ముడుచుకున్నట్టుందండీ."

"ఉతక్కుండానా?" అన్నాడు మేనేజరు.

"ఇస్త్రీకి. ఒక్కో గుడ్డ అంతే, ఆవిరి తగిలితే ముడుచుకుంటుంది."

యూనిఫారాల గుడ్డ డిపో వాళ్ళే మిల్లు నుంచి నేరుగా కొన్నారు. మేనేజరు అక్కడికక్కడే మిల్లుకి ఫోను చేశాడు. మిల్లు వాళ్ళు తమ గుడ్డ ఏ ఆవిరికీ ముడుచుకోదని, రాసిస్తామని, రేపు పదింటికి తమ మనిషి ఇస్త్రీపెట్టె, టేపు పట్టుకుని డిపోకే వచ్చి అందరి ముందూ తేలుస్తాడని చెప్పారు.

"మంచిదే," అన్నాడు మేనేజరు. "రెడీమేడ్ వాళ్ళ శాంపిళ్ళు కూడా రేపే వస్తున్నాయి. అన్నీ ఒకేసారి చూసేద్దాం."

మాస్టరు బయటికొస్తుంటే ఒక లావుపాటి డ్రైవరు పక్కవాడికి తన టిఫిన్ బాక్సు ఇచ్చేస్తూ, "రెండు వారాల్లో ఇంత ఎలా పెరిగానురా," అంటున్నాడు. ఆ మాట మాస్టరుని స్కూటరు దాకా వెంటాడింది. తను చేసిన పనికి ఇంకొకడు అన్నం మానేస్తున్నాడంటే ఆయనకి నిజంగా బాధేసింది.

దారిలోనే మిల్లీమీటరుకి ఫోను చేశాడు.

"చుక్కలు కలపలేదేంటయ్యా?"

"చుక్కలు లేవు కదా మాస్టారూ ఫోన్లో," అన్నాడు మిల్లీమీటరు. "కంప్యూటరులోకి వచ్చింది కదా, మీరే కలిపేసి రాయించారనుకున్నా. మిషను దగ్గర మొహమాటం ఏముంటుంది?"

"సరే, మిగతావి ఆపు. పది ప్యాంట్లేగా పోయింది."

అవతల కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అరవై నాలుగూ కోసేశాను మాస్టారూ. పుస్తకం కోసం ఎదురుచూసే పని లేకపోయిందిగా. ఆదివారం మొదలుపెట్టి బుధవారానికి అవగొట్టా. ఎంత హాయిగా ఉందో ఈ క్లౌడు."

నాలుగు వారాల తప్పు నాలుగు రోజుల్లో అయిపోయింది. అయితే మిల్లీమీటరు వెనక కుట్టులో ఎప్పుడూ మూడంగుళాల గుడ్డ లోపలికి మడిచి వదులుతాడు. చుక్కలు మళ్ళీ తెలిస్తే విప్పి వదులు చేయొచ్చు. డిపోలో మూడు చుక్కలు దాటినవాళ్ళు లేరు. మాస్టరుకి కాస్త ఊపిరాడింది.

షాపులో టీ సిద్ధంగా ఉంది. ఆయన దాని వంక చూడకుండా కోడలికి ఫోను చేసి సెలవు పెట్టించి పిలిపించాడు. పుస్తకం తెరిచి, చుక్కల సంగతి మొదటిసారి మూడో మనిషికి చెప్పాడు.

కోడలు చాలాసేపు ఆ పేజీ చూసింది. "ఇవి పెన్ను రాస్తోందో లేదో చూసుకున్న గుర్తులనుకున్నాను మామయ్యా," అంది.

"ఇంతమందికీనా?"

"మీ పెన్నులు మంచివి కావనుకున్నాను."

ఇద్దరి తప్పూ సమానంగా కనబడటంతో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. మాస్టరు చుక్కలు లెక్కపెట్టి అసలు అంకె చదవడం, కోడలు కొట్టడం మొదలుపెట్టారు. సగం పుస్తకాలు ఇంకా కటింగు గదిలోనే ఉన్నాయి. అవెలా అని మాస్టరు బెంగపడితే కోడలు నవ్వింది. "మిల్లీమీటరు బాబాయిని అక్కడి నుంచే కొట్టమనండి. ఇద్దరం ఒకేసారి ఒకే చోట రాయొచ్చు. క్లౌడ్‌తో అదేగా సుఖం." డిపో పేజీలతో ఆపకుండా, చేతిలో పని చేతిలో ఉండగానే ఊళ్ళో ఉన్న నడుములన్నీ సరిచేసేయాలనుకున్నారు. గంటన్నరలో ముగ్గురూ కలిసి మూడు వందల యాభై రెండు నడుములకి నిజం రాశారు.

మొదటి ఫోను పళ్ళ డాక్టరుది.

"మాస్టరుగారూ, నేను మీ షాపుకొచ్చి ఎనిమిది నెలలైంది. అవునా?"

"అవునండీ."

"మరి ఇవాళ నా నడుము నాలుగంగుళాలు పెరిగిందని మీకెలా తెలిసింది?"

మాస్టరు కోడలి వంక చూశాడు. కోడలు స్క్రీను వంక చూసింది. ఇద్దరికీ ఒకేసారి ఆ మర్యాద మెసేజీ గుర్తొచ్చింది. అది మాస్టరు రాయించిన మాటల్లోనే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, మూడు వందల యాభై రెండు మందికీ వెళ్ళిపోయింది.

"గౌరవనీయులైన కస్టమరుగారికి నమస్కారం. మీ నడుము కొలత మారినది. పాతది 34. కొత్తది 38. మేము మిమ్మల్ని ఎల్లప్పుడూ గమనిస్తూనే ఉంటామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము."

ఆ తర్వాత ఫోను కింద పెట్టే వీల్లేకపోయింది. కొందరు షాపువాళ్ళు తమ వెనక మనుషుల్ని పెట్టారని అనుమానించారు. ఒకాయన మెసేజీ ఆయన భార్య ఫోనుకి వెళ్ళింది. పదేళ్ళుగా తను చెబుతున్నదాన్ని ఇప్పటికైనా లిఖితపూర్వకంగా ఎవరో ధ్రువీకరించినందుకు ఆవిడ కృతజ్ఞతలు చెప్పింది. జిమ్ము నడిపే ఆయన ఆ సంగతి ఇంకెవరికీ పొక్కనివ్వద్దని బతిమాలాడు. కోడలి ఫోనుకి ఆమె తండ్రి చేశాడు.

"అమ్మాయ్, మీ మామగారు నన్ను ఏమనాలనుకుంటున్నారో సూటిగా అనమను," అన్నాడాయన. "నాకు ముప్ఫై ఆరు, నలభై ఒకటి అని ఈ అంకెల భాష అర్థం కాదు."

"అది మీ నడుము నాన్నా."

"అదే నేనూ అడుగుతున్నా. నా నడుముతో ఆయనకేం పని?"

వియ్యంకుడికి ఏం చెప్పాలా అని మాస్టరు ఆలోచిస్తుండగా ఆయన జేబులో ఫోను చిన్నగా మోగింది. తీసి చూశాడు. గౌరవనీయులైన కస్టమరుగారికి నమస్కారం అని ఉంది. పాతది 34. కొత్తది 39.

మాస్టరు బట్టలు ఇరవై ఆరేళ్ళుగా కొలిచేదీ కోసేదీ మిల్లీమీటరే. ప్రతిసారీ టేపు తీసి "ముప్ఫై నాలుగు మాస్టారూ" అని పైకి చదివేవాడు. పెళ్ళినాటి నడుము ఇంకా అలాగే ఉందని మాస్టరు నలుగురిలో చెప్పుకునేవాడు. డిపో మేనేజరు నడుమును తలచుకుని మనసులో జాలిపడేవాడు. ఇప్పుడు ఆ నడుమూ ఈ నడుమూ ఒక్కటే. కటింగు గదిలో ఉన్న పుస్తకంలో తన పేజీ కూడా ఉందని, దాని పక్కన ఐదు చుక్కలున్నాయని ఆయనకి ఈ రోజే తెలిసింది. చెప్పులో రాయి పడ్డవాడిలా కాసేపు అటూ ఇటూ నడిచాడు. తను నేర్పిన విద్యే కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు.

"ఏవండీ, టీ చల్లారిపోయింది, మళ్ళీ వెచ్చబెట్టనా?" అంది భార్య లోపలి నుంచి.

"చక్కెర వెయ్యకు," అన్నాడు మాస్టరు.

మర్నాడు పదింటికి డిపో రెస్టు రూము నిండిపోయింది. మిల్లు మనిషి అందరి ముందూ గుడ్డ ముక్కను తడిపి, ఆవిరి పట్టి, ఇస్త్రీ చేసి, కొలిచి చూపించాడు. అది వెంట్రుకంత కూడా ముడుచుకోలేదు. అరవై నాలుగు మంది చేతుల్లో అరవై నాలుగు ఫోన్లున్నాయి. మేనేజరు ఫోన్లో పాతది 36, కొత్తది 39 అని ఉంది. మిల్లీమీటరు సరిచేసిన ప్యాంట్ల మూటతో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తన ఉద్యోగం ఈ గదిలో తేలుతోందని అతనికి ఎవరూ చెప్పలేదు. అయినా తెలిసినట్టే ఉంది, మూట కింద పెట్టలేదు.

అతన్ని చూశాక మాస్టరుకి ఇంకో అబద్ధం వెతుక్కునే ఓపిక లేకపోయింది. చుక్కల సంగతి మొత్తం చెప్పేశాడు. నలభై రెండు నడుము పెద్దమనిషి దగ్గర మొదలుపెట్టి నిన్నటి మెసేజీ దాకా ఏదీ దాచలేదు.

"నాకూ అదే మెసేజీ వచ్చిందండీ," అన్నాడు చివర్లో. "నాకూ ముప్ఫై తొమ్మిదే. తప్పు నాది. కోసిన మనిషిది కాదు."

మేనేజరు గొంతు సవరించుకుని రెడీమేడ్ పెట్టె తెరిపించాడు. శాంపిళ్ళు పది మందికీ పంచారు. అవి చక్కగా పట్టాయి. ఒక్క బొత్తాం కూడా ఎగరలేదు. మాస్టరు మిల్లీమీటరు వైపు చూడలేకపోయాడు.

అప్పుడు డిపోలో అందరికన్నా సీనియర్ డ్రైవరు గోడ అద్దం ముందు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. నడుము పట్టీ మీద, సరిగ్గా వెనక, తోలు బిళ్ళ మీద అరచేతిలో సగమంత అంకెల్లో 42 అని ముద్ర వేసి ఉంది. పక్కవాడి వెనక చూశాడు. 40. మేనేజరు వెనక చూశాడు, చూసి గౌరవంగా చూపు తిప్పుకున్నాడు.

"ఇది పీకెయ్యడానికి వీలవుతుందా?" అనడిగాడు.

"కంపెనీ గుర్తు. పీకితే గ్యారంటీ పోతుంది," అని కాగితం చదివాడు మేనేజరు.

"వెనకాల నంబరేసుకుని తిరగడానికి మేమేమన్నా బస్సులమా సార్?" అన్నాడు సీనియర్ డ్రైవరు, ప్యాంటు విప్పుతూ.

శాంపిళ్ళు తొడుక్కున్న మిగతా తొమ్మిది మందీ విప్పడం మొదలుపెట్టారు. మిల్లీమీటరు మూట దింపాడు. ప్యాంట్లు చేతులు మారాయి. బొత్తాలు పడ్డాయి. ఎక్కడా ఒక్క అంకె లేదు. నిన్న టిఫిన్ బాక్సు ఇచ్చేసిన డ్రైవరు రెండుసార్లు కూర్చుని లేచి, పక్కవాడి దగ్గర నుంచి బాక్సు వెనక్కి తీసుకున్నాడు.

మేనేజరు మాస్టరుని పక్కకు పిలిచాడు.

"మాస్టారూ, ఇంతకీ నా నడుము ఎంతని రాసుకుంటారు?"

"ముప్ఫై ఆరేనండీ."

"ఫోన్లో?"

"ఫోన్లో కూడా ముప్ఫై ఆరే."

"అయితే మూడేళ్ళకి కాగితం రాయిస్తాను," అన్నాడు మేనేజరు.

మిల్లు మనిషి ఇస్త్రీపెట్టె సర్దుకుంటూ, తనకి కూడా ఒక ప్యాంటు కుట్టిపెట్టగలరా అని మెల్లగా అడిగాడు. మాస్టరు టేపు వేసి, మొహం చూసి, "ముప్ఫై ఐదు," అని గదంతా వినబడేలా చదివాడు. మిల్లీమీటరు పుస్తకంలో రెండు చుక్కలు పెట్టాడు. అవి ఉండాల్సిన చోటే పడ్డాయి.

ఆ సాయంత్రం కోడలు క్లౌడ్‌లో నడుముకి రెండు గళ్ళు చేసింది. మొదటి గడిలో మర్యాద, రెండో గడిలో నిజం. కస్టమరుకి మొదటిదే కనబడుతుంది. షాపుకీ కటింగు గదికీ రెండూ కనబడతాయి. మెసేజీని తీసి పారేసింది. ఆ చుక్కల గుట్టు ఇకనుంచి తడవదు, చిరగదు, మూడు చోట్ల భద్రంగా కాపీలుంటాయి. క్లౌడు వల్ల వ్యాపారానికి లాభమేమిటని ఎవరైనా అడిగితే మాస్టరు ఇప్పుడు కాజాల దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెప్పగలడు.

"మీరు ఓనరు కదా మామయ్యా, మీకు అందరివీ రెండు గళ్ళూ కనబడేలా పెడుతున్నాను," అంది కోడలు.

"పెట్టమ్మా," అన్నాడు మాస్టరు. టీ ఒక గుక్క తాగి, "నా వరసలో మాత్రం ఒక గడి చాలు," అన్నాడు.

ఊళ్ళో ఉన్న నడుములన్నీ చూసే అధికారం ఉన్న మాస్టరు, ఒక్క నడుము విషయంలో మాత్రం ఇప్పటికీ కస్టమరే.